డస్క్ ఎన్ని గంటలకు

పెళ్లయిన రెండో నెల నుంచి స్వర్ణలతకు అహోబిలం నరసింహస్వామితో మాటల్లేవు. పటం ముందు అందరితోపాటు చేతులు జోడించేది, శనివారం పూలమాల తనే మార్చేది. అది కోడలిగా చేసే పని. మనసులో మాత్రం ఆయనతో ఒక్క మాట కలిపేది కాదు.

కారణం చిన్నదేం కాదు. ఆ రోజు కర్నూలులో టీచర్ల మీటింగు ముగించుకుని ఆమె ఓర్వకల్లులో బస్సు దిగేసరికి రాత్రి ఏడున్నరయింది. అక్కడి నుంచి ఊరు మూడు కిలోమీటర్లు. ఆటోల జాడ లేదు. మొగుడికి ఫోన్ చేస్తే, "మొక్కుండాది కదా స్వర్ణా, గడప దాటకూడదు. ఏసన్నను పంపిస్తాలే" అన్నాడు భూపేష్. ఏసన్న వాళ్ల చేను చూసుకునే మనిషి. అతను ఫోన్‌లో దొరకలేదు. కొత్త పెళ్లికూతురు చెప్పులు చేత్తో పట్టుకుని, సెల్‌ఫోన్ వెలుతురులో, దారి పొడుగునా దేవుణ్ణి తిట్టుకుంటూ నడిచి వచ్చింది. వచ్చేసరికి మొగుడు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క అడుగు ముందుకు వేసి చేతిసంచి కూడా అందుకోలేదు. అంత నిష్ఠ.

ఆ మొక్కు సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. భూపేష్‌కు పద్నాలుగో ఏట పెద్ద జబ్బు చేసిందట. బతికి బట్టకడితే పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా పిల్లవాడు గడప దాటడని తల్లి గురమ్మ స్వామికి మొక్కుకుందట. హిరణ్యకశిపుణ్ణి పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప మీద చంపిన దేవుడు కదా, ఆ వేళా ఆ గడపా ఆయన సొత్తే అని గురమ్మ వివరంగా చెప్పేది. వినేవాళ్లు చెంపలు వేసుకునేవాళ్లు. రాత్రి పెళ్లిళ్లకు భూపేష్‌ను ఎవరూ బలవంతపెట్టేవాళ్లు కాదు. రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో చేనుకు వెళ్లి మోటారు వేసేది ఏసన్నే. స్వర్ణలత మెడలో తాళి పడింది కూడా పట్టపగలు పదీ నలభైకి. ఇరవై ఏళ్లుగా ఒక్క రోజు తప్పకుండా మాట నిలబెట్టుకున్న మనిషని పెద్దవాళ్లు అతన్ని మెచ్చుకుంటుంటే ఆమె పళ్లు నూరుకుంటూ నవ్వేది.

ఇప్పుడు ఆ మొక్కు తీరే రోజు వచ్చింది. వాళ్ల పది ఎకరాల్లో ఎనిమిది ఎకరాలు పరిశ్రమల కింద పోయాయి. భూమి ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక ఉద్యోగమన్నారు. వచ్చిన ఫ్యాక్టరీలో భూపేష్‌కు చూపించిన ఉద్యోగం రవాణా విభాగంలోది. సాయంత్రం షిఫ్టు దిగేవాళ్లను వ్యానులో కర్నూలులో దించి, రాత్రి షిఫ్టువాళ్లను ఎక్కించుకుని రావాలి. పన్నెండు మంది పట్టే వ్యాను. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో, వచ్చే బుధవారం. అంతకుముందు ఆదివారం అహోబిలం పోయి స్వామికి ముడుపు చెల్లించి మొక్కు దించుకోవాలని, కొడుకు పోరు పడలేక, గురమ్మ నిశ్చయించింది.

ఇంగ్లీషు నేర్పే బాధ్యత స్వర్ణలత మీద పడింది. ఆమె ఓర్వకల్లు ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు టీచరు. అత్త ముందు మొగుణ్ణి "మీరు" అంటుంది గానీ పాఠం మొదలైతే "నువ్వు" అనేస్తుంది. అతను ఆమెను "టీచర్" అంటాడు. ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు మీ ఊరి గురించి చెప్పమంటారని ముందు వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. అందుకని రోజూ సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న రాళ్లగుట్టనూ దాని వెనక్కి దిగే పొద్దునూ ఇంగ్లీషులోకి దించేవాళ్లు.

"పొద్దు ఇప్పుడే గుట్ట వెనక్కి పోయింది. వెలుతురు ఇంకా ఉండాది. ఇదేంది?" అని అడిగేది ఆమె.

"డార్క్."

"కాదప్పా. ఇది డస్క్. మునిమాపు. ఇంకొంచెంసేపు పోతే డిమ్, అంటే మసక. దీపం వెలుతురైతే కాండిల్‌లైట్. అన్నీ అయినాక అప్పుడు డార్క్."

"వాళ్లకు ఇన్ని మాటలేంటికి టీచర్? వాళ్ల ఊర్లో అంత పనిల్యాకుండెనా?"

"మనకు ల్యావా? సందేళ, మునిమాపు, మసక, కనుచీకటి, కటిక చీకటి. వాళ్లకంటే మనకే ఎక్కువ."

మరుసటి రోజు మళ్లీ అడిగితే మళ్లీ డార్క్ అనేవాడు. గుట్ట మీద ఇంకా ఎర్రటి చార కనిపిస్తూ ఉండేది, ఇంటికి తిరిగివచ్చే గొర్రెల్ని లెక్కపెట్టగలిగేంత వెలుతురుండేది, ఈయన మాత్రం డార్క్ అనేవాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడైతే చెవి మెలిపెట్టేది. "నీకన్నీ డార్కేనా?" అని విసుక్కుంది ఒక రోజు. "అన్నీ డార్కే టీచర్" అని నవ్వేశాడతను.

నాలుగో రోజుకు ఒక ఉపాయం కనిపెట్టాడు. నోట్‌బుక్ తెచ్చుకుని, "డస్క్ ఎన్ని గంటలకు?" అని అడిగాడు. ఆమెకు అర్థం కాలేదు. "టైము చెప్పు, రాసుకుంటా" అన్నాడు. సెప్టెంబరు మొదటివారం కాబట్టి ఆమె ఆకాశం వంకా గడియారం వంకా చూసి ఏదో చెప్పింది. అతను శ్రద్ధగా రాసుకున్నాడు. డస్క్, ఆరూ పదిహేను. డిమ్, ఆరున్నర. డార్క్, ఆరూ నలభై ఐదు. అప్పటి నుంచి ఆమె ఎప్పుడు అడిగినా చేతి గడియారంలో బటన్ నొక్కి, లైటు వెలిగించి చూసుకుని సరైన మాట చెప్పేవాడు. ఒక్కటీ తప్పు పోలేదు. స్వర్ణలతకు నవ్వాగలేదు. మర్నాడు స్టాఫ్ రూములో ఆ సంగతి చెబితే మిగతా టీచర్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. మా ఆయన రైలు టైము చూసినట్టు చీకటి టైము చూస్తాడని అందామె. ఆ మాట తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడిందో ఆమెకే తెలుసు.

శుక్రవారం సాయంత్రం వాన చినుకులు పడి, ఏడు గంటలకు కరెంటు పోయింది. స్వర్ణలత కొవ్వొత్తి వెలిగించి నడింట్లో స్టూలు మీద పెట్టింది. పాఠానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది. "ఇదీ కాండిల్‌లైట్ అంటే. ఈ వెలుతురులో చదువు చూద్దాం" అని నోట్‌బుక్ తెరిచి అతని చేతిలో పెట్టింది. మధ్యాహ్నం లీజరు పీరియడులో రాసిన కొత్త పాఠం అది. ఫ్యాక్టరీ వ్యాను గురించి పది వాక్యాలు.

భూపేష్ తల వంచుకుని చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడా తడబడలేదు. మాటల కంటే ఉచ్చారణే వింటూ ఆమె మురిసిపోయింది. అంతలో వంటింట్లోంచి గురమ్మ, "పాలు పొంగుతాండాయి, ఈడ ఏమీ కనపడల్యా, దీపం తేమ్మే" అని కేకేసింది. స్వర్ణలత ఆలోచించకుండా కొవ్వొత్తి తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. పాలు దించింది, కొవ్వొత్తిని పొయ్యి గట్టు మీదే ఉంచేసి తిరిగి వచ్చింది.

నడిల్లు చీకటిగా ఉంది. ఆ చీకట్లో భూపేష్ ఇంకా చదువుతూనే ఉన్నాడు.

మొదట ఆమెకు నవ్వొచ్చింది. బట్టీ పట్టి నన్నే బోల్తా కొట్టిస్తున్నాడనుకుంది. తర్వాత ఆ వాక్యాలు చెవికెక్కాయి. గుట్ట, గొర్రెలు, ఎర్రటి చార. అది నిన్నటి పాఠం. ఇవాళ్టి పేజీలో గుట్ట లేదు, గొర్రెలు లేవు. అంటే ఆమె వెళ్లక ముందు, కొవ్వొత్తి ఎదురుగా ఉన్నప్పుడు కూడా అతను పేజీ చూడలేదు.

"భూపేషూ, కొవ్వొత్తి యాడుండాది?" అని అడిగింది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"మళ్లా తెచ్చి స్టూలు మీదే పెట్టినావు కదా" అన్నాడతను తల ఎత్తకుండానే.

తర్వాత అతను తల ఎత్తాడు. వంటింటి వైపు నుంచి వస్తున్న కాస్త వెలుతురులో ఆమెకు అతని ముఖం కనిపిస్తూనే ఉంది. ఆమె ముఖం అతనికి కనిపించడం లేదని కూడా కనిపిస్తూనే ఉంది. అతను ఆమె వైపు కాకుండా ఆమె మాట వినిపించిన తలుపు వైపు చూస్తున్నాడు. ఆమె అప్పటికే రెండడుగులు ఇవతలికి వచ్చేసింది.

"ఎప్పటి నుంచి?" అంది.

"మొదటి నుంచీ" అన్నాడు.

ఆ రాత్రి స్వర్ణలతకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒకటొకటే గుర్తుకొచ్చి ఆ కోపానికి సాయం పట్టాయి. ఇంట్లో మాంసం వండిన ప్రతిసారీ అత్త కార్జం మొత్తం ఏరి కొడుకు పళ్లెంలోనే వేసేది. వారానికి మూడు రోజులు మునగాకు. చూపుకు మంచిదని నలుగురూ తినిపించేవే అవి. కొడుకంటే అంత పిచ్చి ప్రేమ అనుకుంది తను. సందేళ కాకముందే అతని మంచినీళ్ల చెంబు, చెప్పులు, టవలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉండేవి, ఎవరైనా కదిపితే గురమ్మ ఇంతెత్తున లేచేది. అత్తకు శుభ్రత ఎక్కువనుకుంది. ఇంగ్లీషు బి.ఎ. చదివి, పిల్లల పేపర్లలో కామా పోయినా పట్టుకునే మనిషి, రెండేళ్లు పక్కన పడుకుని ఈ ఒక్కటీ పట్టుకోలేకపోయింది.

తెల్లవారాక మునగాకు దూస్తున్న అత్త ముందు వెళ్లి కూర్చుంది.

"ఆయనకు రేచీకటి అని నాకెవురూ ఏంటికి చెప్పల్యా అత్తా?"

గురమ్మ చెయ్యి ఆగింది. "ఆ మాట ఈ ఇంట్లో అనొద్దు మే" అంది మెల్లగా. "వాడు పద్నాలుగేండ్లప్పుడు సందేళ గడ్డివామి కాడ నీళ్ల తొట్లో పన్యాడు. అందురూ నవ్విరి. ఆ పొద్దే అనుకున్యా, ఇంగ నా కొడుకును చూసి ఎవురూ నవ్వకూడదని. దేవుని పేరు చెప్తే నోరు మూస్తారు. మూసినారు కూడా."

"మరి నేను? నా నోరు కూడా మూయాల్నా?"

"నీకు చెప్తే పెండ్లి చేసుకుంటాంటివా?"

నిజంగానే ఏం చేసేదో స్వర్ణలతకే తెలియదు. "చెప్పుంటే ఆ రాత్రి మూడు కిలోమీటర్లు మొగుణ్ణి, దేవుణ్ణి కలిపి తిట్టుకుంటా నడిచేదాన్ని కాదు. అంతవరకు తెలుసు" అని లేచింది.

గురమ్మను తప్పుపట్టడం తేలికే. కానీ ఆ ముసలామె ఇరవై ఏళ్లుగా ఒక్క సాయంత్రం కూడా ఏ చుట్టాలింట్లోనూ ఉండలేదని, కొడుకు కంటే ముందు తనే ఇంటికి చేరి దారిలో ఉన్నవన్నీ పక్కకు జరిపేదని స్వర్ణలతకు అప్పుడే తట్టింది. అబద్ధం ఆడడం ఒక పూట పని. దాన్ని ఇరవై ఏళ్లు మోయడం గురమ్మకే చెల్లింది.

అసలు గొడవ భూపేష్‌తోనే. శనివారం స్కూలుకు సెలవు పెట్టి అతన్ని కర్నూలులో కంటి డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. ఇది పుట్టుకతో వచ్చిందేనని, మందు లేదని, పగటి చూపుకు ప్రస్తుతం ఇబ్బంది లేకపోయినా ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలని డాక్టరు చెప్పాడు. వెలుతురు తగ్గాక మాత్రం బండి ముట్టుకోవద్దన్నాడు. బయటికి వచ్చి టీ తాగుతూ భూపేష్, "హెడ్‌లైట్లుంటాయి కదా. ఆ రోడ్డు నాకు కంఠతా వచ్చు. యాడ గుంత, యాడ స్పీడు బ్రేకరు, కండ్లు మూసుకుని చెప్తా" అన్నాడు.

"కండ్లు మూసుకునే తోలేది కూడా. ఎనకాల పన్నెండు మంది ఉంటారు."

"ఎనిమిది ఎకరాలు పోయినాయి స్వర్ణా. ఇంటికొక ఉద్యోగం. అది గూడా పోతే నేనెవురు? ఏసన్నతో మోటారు వేయించుకునే స్వామినా?"

ఆమెకు గ్లాసు విసిరికొట్టాలనిపించింది. అదే సమయంలో అతని తల మీద చెయ్యి వేయాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. "ఇంగ్లీషు నేర్పుతావా, మానుకుంటావా?" అని అడిగాడతను. "నేర్పుతా. కానీ గడియారం చూడకూడదు. నీకు ఏం కనపడుతుందో అదే చెప్పాల. అంతే" అంది.

ఆ సాయంత్రం అరుగు మీద పాఠం వేరేగా నడిచింది. ప్రశ్నలు ఆమె అడగలేదు. అతనే చెప్పుకుంటూ పోయాడు, తెలుగులోనే, ఎవరికీ ఎప్పుడూ చెప్పనివి.

"మొదట చెట్ల కింద పోతుంది. ఆడ నేల ల్యానట్టు ఉంటుంది. అప్పుడు నడిచే దావ పోతుంది. దావ పక్కన కంచె పోతుంది. ఆకాశం మాత్రం శానాసేపు ఉంటుంది, పైన కొంచెం తెల్లగా. కింద ఏమీ ఉండదు. అప్పుడు మనుషులు పోతారు. గొంతులు మిగుల్తాయి. లైటుంటే లైటు కనపడుతుంది, దాని కిందుండేది కనపడదు. ఇప్పుడు నువ్వు పోయినావు."

స్వర్ణలత ఎదురుగానే కూర్చుని ఉంది. గుట్ట మీద ఎర్రటి చార ఇంకా ఉంది. అతని చొక్కా గుండీల రంగు కూడా ఆమెకు తెలుస్తోంది. వారం రోజులుగా తప్పని దిద్దిన ఆ డార్క్ తప్పు కాదు. అతను చూసింది చూసినట్టే చెప్పాడు. తనే ఎర్ర సిరాతో కొట్టేసింది. "నేనీడే ఉండా" అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. దుఃఖంలో కూడా నోట్‌బుక్ తీసి, అతను చెప్పినదాన్ని ఒక్కొక్క వాక్యంగా ఇంగ్లీషు చేసి అతనితో పలికించింది. టీచర్ల జాతి అంతే. ఆ పూట అతను ఒక్క తప్పు కూడా పలకలేదు.

ఉద్యోగం సంగతి మాత్రం తేల్చలేదు. "బుధవారం చూద్దాం" అన్నాడు.

ఆదివారం ముగ్గురూ అహోబిలం వెళ్లారు. పొద్దున్నే బయల్దేరి, పొద్దుండగానే తిరిగి వచ్చే లెక్కన. గురమ్మ పసుపు గుడ్డలో కట్టిన ముడుపు హుండీలో వేసి చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. స్వర్ణలత రెండేళ్ల తర్వాత మొదటిసారి స్వామితో మాట్లాడింది. నిన్ను అనవసరంగా తిట్టినాను, ఏమనుకోవద్దు, అంది మనసులో. నీ పేరు చెప్పి నన్నూ మోసం చేసినారు, నిన్ను అడగకుండానే నిన్నూ వాడుకున్నారు, మనిద్దరిదీ ఒకటే బాధ. ఇంతకాలం అందరూ నీ వేళ అన్నారు కదా, బుధవారం నుంచి ఆ వేళకు ఇతన్ని రోడ్డు మీదికి పంపద్దు. ఉద్యోగం ఇవ్వమని అడగడం లేదు, అబద్ధం ఆడకుండా ఆపితే చాలు. ఈ మొక్కుకు మాత్రం ఆమె ఏమీ ఎదురివ్వలేదు. అప్పటికే చాలా ఇచ్చాననుకుంది.

బుధవారం ఇంటర్వ్యూకు స్వర్ణలత స్కూటీ మీద వెళ్లారు. స్కూటీ ఆమెది, ఆమె జీతంతో కొన్నది. అయినా ఇద్దరూ కలిసి వెళ్లేటప్పుడు భూపేషే తోలతాడు. ఆ ఊళ్లో పెళ్లాం తోలుతుంటే మగవాడు వెనక కూర్చోవడమన్నది లేదు. ఎప్పుడైనా ఆమె తోలుకొస్తున్నా ఊరి బోర్డు దగ్గర దిగి, హ్యాండిల్ అతనికిచ్చి వెనక్కి మారేది. ఎవరూ పెట్టిన నియమం కాదు గానీ ఎవరూ దాటింది కూడా లేదు.

మూడు గంటలకని చెప్పిన ఇంటర్వ్యూ నాలుగున్నరకు పిలిచారు. ఆమె గేటు దగ్గర సెక్యూరిటీ షెడ్డులో కూర్చుని, ఎదురుగా వరసగా నిలబెట్టిన తెల్ల వ్యాన్లను చూస్తూ ఉంది. ఒక్కోదానిలో ఎన్ని సీట్లో లెక్కపెట్టింది. లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. అయిదున్నర దాటాక భూపేష్ బయటికి వచ్చాడు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. ఆమె అడగలేదు. అడిగితే ఏం వినాల్సివస్తుందోనని భయపడింది.

అతను తాళం తీసుకుని స్కూటీ ఎక్కాడు. ఆమె వెనక కూర్చుంది. పెద్దరోడ్డు దాటి ఊరి దారి పట్టారు. గుట్టల మీద మబ్బు నల్లగా దిగుతోంది గానీ రోడ్డు ఇంకా బాగానే కనిపిస్తోంది. ఆమెకు. చేతి గడియారంలో అయిదూ యాభై. అతని నోట్‌బుక్ లెక్క ప్రకారం డస్క్‌కు ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. గడియారాన్ని నమ్మి తోలుతున్నాడా, గుంతల్ని బట్టీపట్టి తోలుతున్నాడా, ఆమెకు తెలియడం లేదు. ఆపమని అందామనుకుంది. నాలుక దాకా వచ్చింది. అతనే ఆపాలి అనుకుని పెదవి కొరికి పట్టుకుంది.

రాళ్లగుట్ట మలుపుకు కొంచెం ముందు స్కూటీ నెమ్మదించింది. భూపేష్ బండిని రోడ్డు పక్కకు తీసి, కాలు కిందపెట్టి ఆపాడు. తాళం తీసి వెనక్కి చాపాడు.

"డస్క్" అన్నాడు.

"ఇంకా ఆరు కూడా కాలేదు" అంది ఆమె.

"గడియారంలో కాదు టీచర్. చెట్ల కింద పోయింది. ఇంగ దావ పోతుంది."

ఆమె దిగింది. అతనూ దిగి, ఒక చెయ్యి సీటు మీద ఉంచి నిలబడి చెప్పాడు. మీ ఊరి గురించి చెప్పమన్నారట. చెట్ల నుంచి మొదలుపెట్టి గొంతులు మిగలడం దాకా మొత్తం చెప్పాడట, ఆమె నేర్పిన ఇంగ్లీషులోనే. లోపల కూర్చున్న ముగ్గురూ రాయడం ఆపేశారట. రాత్రి వ్యాను తోలగలవా అని ఒకాయన అడిగితే, తోలలేను సార్, నాకు డస్క్ అంటే డార్కే అన్నాడట.

"ఏమన్నారు?"

"స్టోర్సులో పగటి డ్యూటీ ఏదైనా ఉంటే పిలుస్తామన్నారు. పిలుస్తారో ల్యాదో. మర్యాదకు అన్నారేమో గూడా." తాళం ఆమె చేతిలో పెట్టి, "శానా బాగా మాట్లాడినావని మాత్రం అన్నారు" అన్నాడు.

స్వర్ణలతకు అప్పుడు వచ్చింది ఏడుపు, శుక్రవారం రాత్రి నుంచి ఆగి ఉన్నది. అతనికి కనిపించదు కదా అని తుడుచుకోలేదు. స్కూటీ ఎక్కి స్టార్ట్ చేసింది. అతను వెనక కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఊరి బోర్డు దగ్గరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ ఆమె బ్రేకు మీద వేలు పెట్టింది. రచ్చకట్ట మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. భుజం మీది చెయ్యి కొంచెం బిగిసింది. "పోనీ" అన్నాడు భూపేష్.

ఆమె పోనిచ్చింది. మాటలు ఆగిపోయి అందరూ తలలు తిప్పారు. అది అతనికి కనిపించకపోయినా తెలిసే ఉంటుంది.

ఇంటి అరుగు మీద గురమ్మ, పక్కింటి సుంకమ్మ కూర్చుని ఉన్నారు. కొడుకు ఇంకా రాలేదని గురమ్మ వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లి వచ్చినట్టుంది, చెప్పులింకా కాళ్లకే ఉన్నాయి. స్కూటీ వచ్చి ఆగింది. సుంకమ్మ కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

"ఏం మే గురమ్మా, మొక్కు తీర్చుకుని వచ్చిరి కదా, ఇంగ నీ కొడుకుకు అడ్డమేముండాది? కోడలు తోల్తాంటే ఎనకాల కూర్చోని వచ్చె?"

గురమ్మ దగ్గర జవాబులకు కరువు లేదు. ఇరవై ఏళ్లలో ఎన్నో చెప్పింది. కొడుక్కి ఒళ్లు బాగాలేదనొచ్చు, ఇంకో మొక్కు మొక్కుకున్నామనొచ్చు. ఆమె కొడుకు వంక చూసింది. భూపేష్ స్కూటీ దిగి నిలబడ్డాడు. వీధిలైటు ఇంకా వేయలేదు. అరుగు మొదటి మెట్టు కోసం అతని కాలు నేల మీద మెల్లగా వెతుకుతోంది, ఎవరికీ తెలియకుండా వెతకడం అలవాటైన కాలు. స్వర్ణలత హ్యాండిల్ పట్టుకుని కదలకుండా ఉండిపోయింది.

"మొక్కూ ల్యా, ఏమీ ల్యా సుంకమ్మా" అంది గురమ్మ. "వాడికి రేచీకటి. చిన్నప్పటి నుంచీ."

ఆమె లేచి మెట్టు దిగి వచ్చి చెయ్యి చాపింది.

"ఇట్ల ఎడమకు రా నాయనా. మెట్టు ఈడుండాది."